రన్‌ఫ్లాట్ తీసేసి మామూలు టైర్లు వేయించారా? పంచర్ పడకముందే చేసుకోవాల్సిన పనులు

బీఎండబ్ల్యూ, మినీ, కొన్ని బెంజ్ మోడల్స్ వాడేవాళ్ళలో చాలామంది మొదటి సెట్టు టైర్లు అరగ్గానే రన్‌ఫ్లాట్ (గాలి పోయినా కొంతదూరం నడిచే టైర్లు) వద్దని మామూలు ట్యూబ్‌లెస్ వేయించేస్తున్నారు. ఎందుకో అందరికీ తెలిసిందే. మన గతుకులకి ఆ బిగుసు టైర్లతో నడుం పట్టేస్తుంది, ఒక్క గుంటలో గట్టిగా పడితే సైడ్‌వాల్ (టైరు పక్కగోడ) ఉబ్బుతుంది, కొత్తది కొనాలంటే ధర ఎక్కువ, పైగా కావాల్సిన సైజు ఊళ్ళో దొరకదు. నన్నడిగితే మార్చడం మంచి పనే. కాకపోతే టైరు షాపులో బిల్లు కట్టి బయటికొచ్చేటప్పుడు ఒక సంగతి ఎవరూ చెప్పరు. ఈ బళ్ళలో చాలావాటికి డిక్కీలో స్టెప్నీ ఉండదు, జాకీ ఉండదు, వీల్ పానా కూడా ఉండదు. రన్‌ఫ్లాట్ ఉందన్న ధైర్యంతోనే కంపెనీ అవేవీ ఇవ్వదు. ఇప్పుడు ఆ రన్‌ఫ్లాట్ పోయింది, దాని బదులు డిక్కీలోకి ఏదీ రాలేదు. ఆ ఖాళీ నింపుకోవడం మీ పని, అదీ పంచర్ పడకముందే.

సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళైతే ముందు అసలు ఏ టైర్లున్నాయో చూసుకోండి. పాత ఓనర్ మార్చేసి చెప్పకపోయి ఉండొచ్చు. టైరు పక్కన అక్షరాలుంటాయి: బ్రిడ్జ్‌స్టోన్‌కి ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్‌కి జెడ్‌పీ, కాంటినెంటల్‌కి ఎస్‌ఎస్‌ఆర్, గుడ్‌ఇయర్‌కి ఆర్‌ఓఎఫ్, బీఎండబ్ల్యూకి వేసేవాటి మీద ఆర్‌ఎస్‌సీ అని, బెంజ్‌వాటి మీద ఎంఓఈ అని కూడా ఉంటుంది. నాలుగింటి మీదా చూడాలి. రెండు రన్‌ఫ్లాట్, రెండు మామూలు కలిపి నడుపుతున్న బళ్ళు కూడా ఉన్నాయి. అలా ఉంటే ముందు అది సరిచేయించండి, మిగతావన్నీ తర్వాత.

ముందు మారాల్సింది అలవాటు

రన్‌ఫ్లాట్ టైరులో పక్కగోడ మందంగా, గట్టిగా ఉంటుంది. గాలి మొత్తం పోయినా ఆ గోడే బండి బరువు మోస్తుంది, అందుకే సాధారణంగా గంటకి 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దాకా వెళ్ళొచ్చంటారు. ఇన్నాళ్ళూ డ్యాష్‌బోర్డ్ మీద టైరు గుర్తు వెలిగితే "సరే, ఇంటికెళ్ళి చూద్దాం" అనుకోవడం మీకు అలవాటైపోయి ఉంటుంది. ఆ అలవాటుని ఇవాళ్టి నుంచి వదిలేయాలి. మామూలు టైరులో గాలి పోతే పక్కగోడ రింగుకీ రోడ్డుకీ మధ్య నలుగుతుంది. అలా కొద్ది దూరం దొర్లినా లోపల రబ్బరు పొడిపొడిగా రాలిపోతుంది, చిన్న మేకు గుచ్చుకున్న టైరు కాస్తా పనికిరాకుండా పోతుంది, ఇంకా లాగితే అల్లాయ్ రింగు కూడా పోతుంది. కాబట్టి ఇకమీదట ఆ లైటు వెలిగిందంటే వేగం తగ్గించి, దగ్గర్లో భద్రమైన చోటు చూసుకుని ఆపేయడమే. ఇంట్లో ఆ కారు ఇంకెవరు నడిపినా, డ్రైవర్‌ని పెట్టుకుంటే అతనికి కూడా, ఈ ఒక్క మాట కచ్చితంగా చెప్పి ఉంచండి.

ఆ లైటు ఎలా పనిచేస్తుందో కూడా తెలుసుకోవాలి. కొన్ని కార్లలో ప్రతి చక్రంలోనూ సెన్సర్ ఉంటుంది, స్క్రీన్ మీద ఏ టైరులో ఎంత గాలి ఉందో పీఎస్‌ఐలోనో బార్‌లోనో కనిపిస్తుంది. మరికొన్నిటిలో సెన్సర్ ఉండదు. గాలి తగ్గిన చక్రం కొంచెం చిన్నదై మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది కాబట్టి, ఏబీఎస్ ఆ తేడాని పసిగట్టి హెచ్చరిస్తుంది. ఈ రెండో రకంలో అంకెలు కనపడవు, గాలి బాగా దిగితేగానీ లైటు వెలగదు, టైర్లు మార్చినా గాలి కొట్టించినా రీసెట్ చేయాలి. రన్‌ఫ్లాట్‌తో నడిచినన్నాళ్ళూ ఆలస్యంగా తెలిసినా నష్టం లేదు. ఇప్పుడు ప్రతి నిమిషం లెక్కే. మీది రెండో రకమైతే వాల్వు మూత స్థానంలో బిగించుకునే సెన్సర్లు విడిగా దొరుకుతాయి, చిన్న తెరతో సహా. లాంగ్ డ్రైవ్‌లు ఎక్కువ చేసేవాళ్ళు అవి వేయించుకుంటే మంచిది.

టైరు షాపులో ఉన్నప్పుడే

టైర్లు మార్చే రోజే సగం పని అయిపోవాలి. మొదటిది లోడ్ ఇండెక్స్, అంటే టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె. సైజు పక్కన 91 అనో 95 అనో ఉండే అంకె మీ కారు డోర్ దగ్గర స్టిక్కర్ మీదో మాన్యువల్‌లోనో చెప్పినదానికి తగ్గకూడదు. "సార్ ఇదే సైజు, వేసేద్దాం" అని తక్కువ అంకె ఉన్నది అంటగట్టే షాపులున్నాయి. గాలి కూడా ఆ స్టిక్కర్ ప్రకారమే, షాపువాడు అందరికీ కొట్టే లెక్కన కాదు.

రెండోది బోల్టులు. షాపులో గాలి గన్‌తో టర్రుమని బిగించేస్తారు. ఆ బిగింపుని రోడ్డు పక్కన చేత్తో విప్పడం మామూలు మనిషి వల్ల కాదు. ఎంత టార్క్ (బిగింపు బలం) పెట్టాలో మాన్యువల్‌లో ఉంటుంది, చాలా బీఎండబ్ల్యూలకి 120 గానీ 140 గానీ న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్‌తోనే బిగించమనండి, దగ్గరుండి చూడండి. చక్రం విప్పినప్పుడు హబ్ (చక్రాన్ని బిగించే ఇరుసు తల) మీద తుప్పు ఉంటే వైర్ బ్రష్‌తో రుద్దించండి. లేకపోతే బోల్టులన్నీ తీసినా అల్లాయ్ హబ్‌కి అతుక్కుని ఊడిరాదు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇది మరీ ఎక్కువ.

మూడోది, చాలామంది మర్చిపోయేది, లాక్ బోల్ట్ కీ. ఒక్కో చక్రానికి ఒక బోల్టు తల వేరే ఆకారంలో ఉంటే, దాన్ని విప్పడానికి మీ అరచేతిలో పట్టేంత చిన్న అడాప్టర్ ఒకటుంటుంది. అది లేకుండా ఆ చక్రం ఎవరూ విప్పలేరు. టైర్లు మార్చాక అది షాపువాడి గన్‌కే ఉండిపోవడం, లేదా వాడి ట్రేలో మిగిలిపోవడం తరచూ జరుగుతుంది. షాపు నుంచి కదలకముందే అది మీ చేతిలో ఉండాలి. ఎప్పుడూ ఒకే చోట పెట్టండి, ఆ చోటు ఇంట్లో అందరికీ తెలియాలి. అసలు ఆ లాక్ బోల్టులే తీసేసి మామూలు బోల్టులు వేయించుకున్నా నష్టం లేదు.

డిక్కీలో ఏం ఉండాలి

అందరూ మొదట స్టెప్నీ గురించే ఆలోచిస్తారు గానీ, అసలు పంచర్లలో ఎక్కువ భాగానికి చక్రం విప్పాల్సిన పనే ఉండదు. మేకో స్క్రూనో గుచ్చుకుని గాలి మెల్లగా దిగుతూ ఉంటుంది. అందుకే నా లెక్కలో మొదటి వస్తువు గాలి పంపు, అదే 12 వోల్ట్ సాకెట్‌కి పెట్టుకునే ఇన్‌ఫ్లేటర్. రెండు మూడు వేలకి మంచిదే వస్తుంది. కొనేటప్పుడు వైరు పొడవు చూడండి, ముందున్న సాకెట్ నుంచి వెనక చక్రం దాకా పైపుతో కలిపి అందాలి. కొన్నాక డిక్కీలో పడేయకుండా ఇంటి దగ్గరే ఒకసారి వాడండి. ఒక టైరులో గాలి 20 పీఎస్‌ఐకి దించి, మళ్ళీ పూర్తిగా కొట్టడానికి ఎంతసేపు పడుతుందో చూడండి. ఇంజన్ ఆన్‌లో ఉండాలి, లేకపోతే బ్యాటరీ మీద భారం. సెల్లార్‌లో అయితే పొగ బయటికి పోయే చోట చేయండి. చిన్న పంపులు ఆగకుండా పది పదిహేను నిమిషాలు తిరిగితే కాలిపోయేంత వేడెక్కుతాయి, మధ్యలో ఆపాలి. బ్యాటరీతో నడిచేవి బాగానే ఉంటాయి, కానీ చార్జింగ్ పెట్టడం మర్చిపోయే రకమైతే వైరుదే నయం.

రెండోది పంచర్ కిట్. టీ ఆకారం పిడి ఉన్న రీమర్ (రంధ్రాన్ని నున్నగా చేసే గరుకు ఊచ), అలాంటి పిడే ఉన్న ఇంకో సూది, రంధ్రంలో దూర్చే జిగట స్ట్రిప్పులు, సొల్యూషన్ ట్యూబు, దానికి తోడు ఒక మంచి కటింగ్ ప్లయర్. ప్లయర్ కిట్‌లో రాదు, విడిగా కొనాలి. అది లేకుండా మేకు ఊడదు. ప్లాస్టిక్ పిడి ఉన్న కిట్ కొనకండి. గట్టిగా తొయ్యాల్సిన పని అది, పిడి విరిగి చేతికి గుచ్చుకుంటుంది. సొల్యూషన్ ట్యూబు ఒకసారి తెరిస్తే కొన్నాళ్ళకి గట్టిపడిపోతుంది, ఏడాదికోసారి కొత్తది పెట్టండి.

సీలెంట్ బాటిల్ గురించి ఒక మాట. వాల్వు లోంచి లోపలికి పోస్తే రంధ్రాన్ని పూడ్చే ద్రవం అది. ట్రెడ్ (రోడ్డుకి ఆనే భాగం) మీద సుమారు 6 మిల్లీమీటర్ల లోపు రంధ్రాలకే పనిచేస్తుంది, సైడ్‌వాల్ చీలికకి పనికిరాదు. ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. ఎండకి కాగే డిక్కీలో ఉంటుంది కాబట్టి ఆ తేదీ దాటితే నమ్మకండి. అది పోసిన టైరుని తర్వాత బాగుచేయించాలంటే లోపలంతా కడగాలి, కొన్ని షాపులవాళ్ళు ముట్టుకోనే ముట్టుకోరు. నా ఓటు స్ట్రిప్పుకే. కానీ స్ట్రిప్పు వేసే ఓపిక, బలం లేనివాళ్ళు, రాత్రిపూట ఒక్కరే నడిపేవాళ్ళు సీలెంట్ కూడా ఉంచుకోవడం న్యాయం. నిలబడి చేసే పని, చేతులు కూడా పెద్దగా మురికి కావు.

ఇవి కాక రెండు రిఫ్లెక్టర్ త్రికోణాలు, మెరిసే జాకెట్, తలకి పెట్టుకునే టార్చ్, మందపాటి గ్లవ్స్, ఒక అడుగు వెడల్పున్న చెక్క పలక. పలక ఎందుకంటే రోడ్డు దిగాక మట్టి మెత్తగా ఉంటుంది, వానాకాలం అయితే జాకీ పైకి లేవడానికి బదులు నేలలోకి దిగిపోతుంది.

స్టెప్నీ సంగతి

2020లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు మార్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చెప్పే సిస్టం, రిపేర్ కిట్ ఉన్న కార్లకి స్టెప్నీ తప్పనిసరి కాదు. కాబట్టి లేకపోతే ఫైన్ వేస్తారన్న టెన్షన్ అక్కర్లేదు. కానీ అవసరం వేరు, నిబంధన వేరు. ఊళ్ళోనే తిరిగేవాళ్ళకి పంపు, కిట్, రోడ్‌సైడ్ అసిస్టెన్స్ నంబరు చాలు. హైవే ఎక్కేవాళ్ళకి స్టెప్నీ ఉండాలనే నేనంటాను.

హైదరాబాద్ నుంచి విజయవాడ దాదాపు 270 కిలోమీటర్లు, సూర్యాపేట సరిగ్గా మధ్యలో ఉన్నట్టు లెక్క. అక్కడ గుంటలో పడి సైడ్‌వాల్ చీలిందనుకోండి, స్ట్రిప్పూ సీలెంటూ రెండూ పనిచేయవు. చిన్న పట్టణాల్లో లారీ టైర్లు, మారుతీ టైర్లు దొరుకుతాయి గానీ 18 అంగుళాల 225/45 అడిగితే హైదరాబాద్ నుంచి తెప్పించాలంటారు. నిజానికి రన్‌ఫ్లాట్ ఉన్నా అక్కణ్ణించి 80 కిలోమీటర్లు వెళితే ఇటూ చేరం, అటూ చేరం. శ్రీశైలం రోడ్డు ఇంకా కష్టం. మన్ననూరు దాటాక అమ్రాబాద్ అడవిలో చాలా చోట్ల సిగ్నల్ ఉండదు, రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా రాకపోకలే ఆపేస్తారు. అలాంటి దారిలో ఫోన్ నంబర్లు నమ్ముకుని వెళ్ళకూడదు.

ఏ స్టెప్నీ కొనాలి? మీ కారుకే కంపెనీ స్పేస్ సేవర్ (తాత్కాలికంగా వాడే సన్నటి స్టెప్నీ) అమ్ముతుంటే ముందు దాన్నే అడగండి. పార్ట్ నంబరు చెప్పి విడిగా కొనొచ్చు, జాకీ, పానా, పట్టీతో కలిపి సెట్‌గా కూడా ఇస్తారు. బయట కొంటే నాలుగు కొలతలు కుదరాలి. బోల్టుల అమరిక ఒకటి: పాత 3 సిరీస్ ఎఫ్30కి 5 బోల్టులు, అవి ఉండే వలయం అడ్డంగా 120 మిల్లీమీటర్లు, తర్వాత వచ్చిన జీ20కి 112. రెండింటికీ బీఎండబ్ల్యూ బొమ్మే ఉన్నా ఒకదానిది ఇంకోదానికి ఎక్కదు. రెండోది మధ్య రంధ్రం, అదీ వేరు, ఎఫ్30కి 72.6, జీ20కి 66.6 మిల్లీమీటర్లు. మూడోది బ్రేక్ క్యాలిపర్‌కి రింగు తగలకూడదు, పెద్ద బ్రేకులున్న మోడల్‌కి 16 అంగుళాల స్టెప్నీ ఎక్కకపోవచ్చు. నాలుగోది మొత్తం ఎత్తు. 225/45 ఆర్18 టైరు నిలువునా దాదాపు 66 సెంటీమీటర్లు. టీ135/80 ఆర్17 స్పేస్ సేవర్ 65 దాకా వస్తుంది, రెండు శాతం లోపే తేడా కాబట్టి ఫరవాలేదు. ఎక్స్‌డ్రైవ్ లాంటి నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నవాళ్ళు ఈ కొలత విషయంలో అస్సలు రాజీ పడొద్దు. చక్రాల సైజుల్లో తేడా ఉంటే ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక చక్రాలకి శక్తి పంచే భాగం) మీద భారం పడుతుంది.

కొన్నాక ఇంటి దగ్గరే ముందొకసారి, వెనకొకసారి ఎక్కించి చూడాలి. బోల్టులు చేత్తో తిప్పుతూ ఎన్ని చుట్లు పడుతున్నాయో లెక్కపెట్టండి. స్టెప్నీ రింగు పలచగా ఉంటుంది కాబట్టి అదే బోల్టు ఇంకా లోపలికి వెళ్తుంది, వెనక చక్రాల దగ్గర హ్యాండ్‌బ్రేక్ సామాను ఉండే మోడల్స్‌లో దానికి తగిలే ప్రమాదం ఉంది. బిగించాక చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పితే ఎక్కడా గీసుకోకూడదు.

ఇంకో చిక్కు చోటు. ఈ కార్లకి డిక్కీ కింద స్టెప్నీ గుంట చాలావాటికి ఉండదు, కొన్నిటికి అక్కడే బ్యాటరీ ఉంటుంది. కాబట్టి స్టెప్నీ డిక్కీలో పైనే పడుకోవాలి. పట్టీతో కొక్కేలకి గట్టిగా కట్టాలి. సడన్ బ్రేక్ వేస్తే అంత బరువు ముందుకు దూసుకొస్తుంది, వెనక సీట్లో పిల్లలుంటారు. అలాగే పంచరైన పెద్ద చక్రం ఎక్కడ పెట్టాలో కూడా ముందే ఆలోచించండి. నలుగురు మనుషులు, నాలుగు సూట్‌కేసులతో పెళ్ళికి వెళ్తున్నప్పుడు 66 సెంటీమీటర్ల మురికి చక్రం డిక్కీలో పట్టదు. పెద్ద ప్లాస్టిక్ గోతం ఒకటి ఉంచుకుంటే వెనక సీటు మీదైనా పెట్టుకోవచ్చు.

స్పేస్ సేవర్‌లో గాలి సాధారణంగా 60 పీఎస్‌ఐ ఉండాలి. మామూలు టైరుకి దాదాపు రెట్టింపు. నెలకోసారి చూడకపోతే అవసరం పడ్డ రోజు అదీ చప్పగా దిగిపోయి ఉంటుంది. పాతది కొంటుంటే పక్కన నాలుగంకెల తేదీ చదవండి, 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని.

ఒక ఆదివారం సెల్లార్‌లో

సామానంతా వచ్చాక తీరిగ్గా ఒక పూట కేటాయించి చక్రం విప్పి ఎక్కించండి. దీన్ని దాటేయకండి. ఈ కార్లకి చక్రం స్టడ్‌లకి (హబ్ నుంచి పొడుచుకొచ్చే మరలకి) వేలాడదు, హబ్‌లోకి బయటి నుంచి బోల్టులు బిగించాలి. అంటే బోల్టు పట్టేదాకా ఇరవై కిలోలకి పైగా ఉండే చక్రాన్ని మీరే పట్టుకుని రంధ్రాలు కలపాలి. దీనికి ఒక చిన్న ఉపాయం ఉంది. బోల్టు సైజు మరలే ఉన్న పొడుగు గైడ్ పిన్ దొరుకుతుంది. దాన్ని పై రంధ్రంలో చేత్తో బిగించి, నేల మీద కూర్చుని, చక్రం కింద పాదం పెట్టి లేపుతూ ఆ పిన్ మీదికి తోసేస్తే అక్కడే ఆగుతుంది. మిగతా నాలుగు బోల్టులు చేత్తో పట్టించి, పిన్ తీసి ఐదోది పెట్టడమే. దాని ధర మూడు నాలుగు వందలు ఉంటుందేమో, చీకట్లో వానలో అది లేకుండా చేయడం నరకం.

జాకీ పెట్టే చోటు కూడా ఆ రోజే చూసుకోండి. బీఎండబ్ల్యూకి తలుపుల కింద, ప్రతి చక్రం దగ్గరా, నల్లటి దీర్ఘచతురస్రపు ప్యాడ్ ఉంటుంది. జాకీ తల అందులోకే కూర్చోవాలి. పక్కకి పెడితే ప్లాస్టిక్ సిల్ (తలుపుల కింది అంచు) పగులుతుంది, లేదా బండి జారుతుంది. మారుతీ కత్తెర జాకీ తల ఇక్కడ సరిగా కూర్చోదు, అడాప్టర్ కావాలి. బోల్టు తలకి చాలా మోడల్స్‌లో 17 మిల్లీమీటర్ల సాకెట్. దానికి రెండడుగుల పిడి ఉన్న బ్రేకర్ బార్ తీసుకోండి. హైవే మీద పంచర్ షాపుకి చేరినా "మా దగ్గర దీనికి సరిపోయే పానా లేదు సార్" అంటారు చాలాసార్లు. మీ సామాను మీ దగ్గరుంటే పని అతనే చేసిపెడతాడు. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నవాళ్ళు జాకీ మోడ్ ఎలా ఆన్ చేయాలో మాన్యువల్‌లో చూసి పెట్టుకోండి.

రోడ్డు మీద అసలు పంచర్ పడితే

లైటు వెలిగినా, స్టీరింగ్ ఒక పక్కకి లాగినా, వెనక నుంచి లబలబమని చప్పుడొచ్చినా గట్టిగా బ్రేక్ తొక్కకండి. స్టీరింగ్ నిటారుగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలి, హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్క షోల్డర్ దాటి వీలైనంత లోపలికి వెళ్ళి ఆపండి. వంతెన మీదా మలుపులోనూ ఆపాల్సి వస్తే, టైరు పోయినా సరే, మెల్లగా పాక్కుంటూ దాటి ఆపండి. టైరు ఇంకోటి కొనుక్కోవచ్చు. అందరూ ఎడమ తలుపుల్లోంచి దిగి, రెయిలింగ్ ఉంటే దాని అవతలికి వెళ్ళాలి. కారులో కూర్చోనివ్వకండి, కారు వెనక అసలే నిలబడనివ్వకండి. త్రికోణాన్ని కనీసం 50 మీటర్ల వెనక పెట్టండి, హైవే అయితే ఇంకా దూరం, నడిచేటప్పుడు రోడ్డు అంచునే.

పక్కనే లారీలు దూసుకెళ్తుంటే, ముఖ్యంగా రోడ్డు వైపు ఉన్న కుడి చక్రమైతే, మీరు పని మొదలుపెట్టొద్దు. జాతీయ రహదారి మీద 1033కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి, అవసరమైతే క్రేన్ వస్తుంది. దగ్గర్లో ఉన్న కిలోమీటరు రాయి మీది అంకె చెప్పండి, "సూర్యాపేట దాటాక ఏదో దాబా దగ్గర" అంటే వాళ్ళకి అర్థం కాదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌ని పిలిస్తే ఫ్లాట్‌బెడ్ (బండి మొత్తాన్ని పైకెక్కించుకునే లారీ) కావాలని గట్టిగా అడగండి. ముందు చక్రాలు మాత్రం ఎత్తి ఈడ్చుకెళ్ళే క్రేన్‌తో వెనక చక్రాల డ్రైవ్ ఉన్న ఆటోమేటిక్ బళ్ళకి, ఎక్స్‌డ్రైవ్ బళ్ళకి గేర్‌బాక్స్ పోయే ప్రమాదం ఉంది.

చోటు భద్రంగా ఉంటే ముందు టైరు చూడండి. మేకు కనిపించగానే పీకెయ్యాలనిపిస్తుంది. ఆగండి. అదే ప్రస్తుతానికి బిరడా. గాలి మెల్లగా దిగుతుంటే మేకు అలాగే ఉంచి పంపుతో స్టిక్కర్ మీదున్న ఒత్తిడికి రెండు మూడు పీఎస్‌ఐ ఎక్కువ కొట్టి, ఐదు నిమిషాలు ఆగి ఎంత దిగిందో చూడండి. ఒకటో రెండో దిగితే మెల్లగా దగ్గరి పంచర్ షాపుకి వెళ్ళిపోవచ్చు, మధ్యలో ఆగి మళ్ళీ చూసుకుంటూ. చాలాసార్లు పని ఇక్కడితో అయిపోతుంది.

గాలి నిలబడకపోతే స్ట్రిప్. చక్రం విప్పక్కర్లేదు, మేకు చేతికందే వైపు వచ్చేలా బండిని అరచుట్టు కదిపితే చాలు. మేకు ఏ కోణంలో దిగిందో చూసి పీకండి, ఎందుకంటే రీమర్ కూడా అదే కోణంలో దూరాలి. రీమర్‌ని తిప్పుతూ లోపలికి తోసి, పైకీ కిందకీ పది పదిహేనుసార్లు ఆడించండి. లోపలున్న స్టీల్ తీగల అంచులు నున్నబడకపోతే అవి స్ట్రిప్పుని కోసేస్తాయి. సూది కన్నంలో స్ట్రిప్ సగానికి ఎక్కించి సొల్యూషన్ పూసి, ఒంటి బరువంతా వేసి తొయ్యండి, రెండు కొసలూ బయట ఒకటిన్నర సెంటీమీటర్లు మిగిలేదాకా. తర్వాత తిప్పకుండా ఒక్క ఊపున సూది లాగేస్తే స్ట్రిప్ లోపలే ఉండిపోతుంది. గాలి కొట్టి దాని మీద ఉమ్మో సబ్బు నీళ్ళో వేయండి, బుడగ రాకపోతే కొసలు కోసేయడమే. ఇది మధ్య ట్రెడ్‌కి మాత్రమే. టైరు భుజం (ట్రెడ్, పక్కగోడ కలిసే అంచు) దగ్గరా సైడ్‌వాల్‌లోనూ వేయకూడదు, ఎవరైనా వేస్తామన్నా ఒప్పుకోకండి.

సైడ్‌వాల్ చీలితే, లేదా టైరు రింగు నుంచి ఊడిపోతే స్టెప్నీయే. గేరు పార్కింగ్ (పీ)లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఎదురు మూల చక్రానికి ముందూ వెనకా రాళ్ళు పెట్టండి. బోల్టులు చక్రం నేల మీద ఉండగానే ఒక అరచుట్టు వదులు చేయాలి, ఎత్తాక కాదు. పలక, దాని మీద జాకీ, ప్యాడ్‌లోకి తల. చక్రం తీయగానే దాన్ని సిల్ కిందికి పడుకోబెట్టి తోసేయండి, జాకీ జారినా కారు దాని మీద ఆగుతుంది, మీ చెయ్యి నలగదు. స్టెప్నీ ఎక్కించి, బోల్టులు చేత్తో పట్టించి, కారు దించాక ఒకటి వదిలి ఒకటి నక్షత్రం వాటంలో బిగించండి. స్పేస్ సేవర్‌తో 80 దాటకూడదు, బ్రేక్ ఎక్కువ దూరం తీసుకుంటుంది, వానలో ఇంకా జాగ్రత్త. 50 కిలోమీటర్లు వెళ్ళాక ఆపి బోల్టులు మరోసారి చూడండి.

ఊరు చేరాక

స్ట్రిప్ వేసిన టైరుని ఒకసారి రింగు నుంచి తీయించి లోపల చూపించండి. నల్లటి రబ్బరు పొడి రాలుతుంటే, లోపలి గోడ మీద చుట్టూ గీతలా నలిగి ఉంటే, బయటికి ఎంత బాగున్నా ఆ టైరు పని అయిపోయినట్టే. శుభ్రంగా ఉంటే లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించండి, స్ట్రిప్ కంటే అది నమ్మకం. కొత్త టైరే కొనాల్సి వస్తే అదే కంపెనీ, అదే మోడల్, ఆ ఇరుసుకి రెండూ ఒకేసారి. ఎక్స్‌డ్రైవ్ ఉంటే మిగతా టైర్లు ఎంత అరిగాయో కొలిపించి, తేడా ఎక్కువైతే నాలుగూ మార్చాల్సి రావచ్చని సిద్ధంగా ఉండండి. టైరు సిస్టం రీసెట్ చేయండి, లాక్ బోల్ట్ కీ వెనక్కి తీసుకోండి, వాడిన స్ట్రిప్పులూ సొల్యూషన్ ట్యూబూ అదే రోజు కొని కిట్‌లో పెట్టేయండి.